ఆగీ ఆగనట్టు

పసుపు కాగితం వంటింటి బల్ల మీద
ఉప్పు డబ్బా కింద పదకొండు రోజులుగా ఉంది.
విన్నిపెగ్‌లో జనవరి అయిపోవచ్చింది.
వెనక వైపు మూడు గడులు, ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి:
కట్టేస్తాను.
తప్పే, కానీ నా మాట వినండి.
తప్పు చెయ్యలేదు, విచారణ కావాలి.

మూడో గడి దగ్గర పెన్ను రెండుసార్లు ఆనించాను.
చిన్న నీలి చుక్క పడింది. అంతే.

మా చెల్లెలు లెస్యా ఫోన్లో తేల్చేసింది:
"దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.
నువ్వు దొరికావు. కట్టెయ్."
కింద వాటాలో ఉండే తెక్లే మాత్రం
టాక్సీ నడిపిన ఇరవై ఆరేళ్ళ అనుభవంతో
టికెట్టుని బల్బుకి ఎత్తి పట్టుకున్నాడు,
డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు.
"ఇదిగో! కారు రంగు నీలం అని రాశాడు. నీది ఆకుపచ్చ.
వాయిదా అడుగు. మళ్ళీ వాయిదా అడుగు.
పోలీసు రాని రోజు ఒకటి వస్తుంది. అది నీ రోజు."

నా కారు ఆకుపచ్చే.
కానీ జనవరిలో ఈ ఊళ్ళో ఏ కారుకీ రంగుండదు,
అన్నీ రోడ్డు మీద చల్లిన ఉప్పు రంగే.
ఆఫీసర్ ప్రీఫాంటెన్‌ని ఏమనను?
చేతి తొడుగు తీసి రాశాడు పాపం,
మైనస్ ముప్పై రెండులో.
అతను వేసిన ఏడు ఒకటిలా వణికింది.

బోర్డు సంగతి కూడా చెప్పాలి.
మొహమంతా మంచు మెత్తుకుని ఉంది దానికి,
ఎర్ర అంచు మాత్రం వేలెడంత.
మర్నాడు ఫోటో తీద్దామని వెళ్ళాను.
ఎవరో పిల్లాడో, గాలో, శుభ్రంగా తుడిచేసి పెట్టారు.
కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది నా సాక్ష్యం,
నాకే ఎదురుగా.

అసలు చిక్కు అది కాదు.
నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి.
ముప్పై నాలుగేళ్ళుగా నా పనల్లా
రెండు తీగెల మధ్య వణుకు ఎప్పుడు చచ్చిపోతుందో వినడం.
దాదాపు కలిశాయంటే కలవలేదని.
ఈ మాట ఎంతమంది తల్లులతో అన్నానో,
"పర్లేదులెండి, పిల్లకేం తెలుస్తుంది" అన్నప్పుడల్లా.

ఆ ఉదయం మిసెస్ బాంగాయన్ ఇంటికి వెళ్తున్నాను.
ఆమె భర్త పోయి నెలయింది.
వాయించేవాళ్ళు లేని పియానో,
అయినా శ్రుతి చెయ్యమంది.
ఆ మూల నాకు తెలుసు, బోర్డు కనబడకపోయినా తెలుసు.
వేసవిలో వందసార్లు ఆగాను అక్కడ.
బ్రేకు తొక్కాను. బండి నెమ్మదించింది.
చక్రాలు, ఎలా చెప్పను,
వేలు తీసేశాక కూడా మంద్రంలో తీగె
కాస్సేపు గుర్తుపెట్టుకుంటుంది చూడండి, అలా
దొర్లుతూనే ఉన్నాయి.
విన్నాను కూడా.
టైరు కింద మంచు నలిగే చప్పుడు
తెగలేదు.

ఇదంతా చెబితే తెక్లే
"జడ్జి నీ చెవుల గురించి అడగడు" అన్నాడు.
నిజమే.
అయితే రెండు వందల పైచిలుకు డాలర్లు,
రెండు పియానోల కూలి.
చలికాలంలో అది చిన్న మాట కాదు.
నోరు మూసుకుని కట్టెయ్యడానికీ చెయ్యి రాలేదు.

పన్నెండో రోజు రెండో గడిలో టిక్కు పెట్టాను.
నీలం, ఆకుపచ్చ గొడవ ఎత్తను.
మంచు సంగతి చెబుతాను.
చక్రాల సంగతీ చెబుతాను, ఎవరూ అడక్కపోయినా.
ఎంతో కొంత తగ్గిస్తే సంతోషం.
తగ్గించకపోతే నెలనెలా కట్టుకుంటానని అడుగుతాను.

తెక్లే రెండ్రోజులు మాట్లాడలేదు.
కోర్టు రోజు పొద్దున్నే తలుపు కొట్టాడు,
అక్కడ పార్కింగు దొరకదు, నేను దింపుతా పద అని.

దారిలో ఆ మూల వచ్చింది.
ఆపాడు.
ఇంజను గొణుగుడు తప్ప ఏమీ లేదు.
"ఇది ఆగడమేనా?" అన్నాడు, నా వైపు చూడకుండా.
నేను చెవొగ్గి విన్నాను.
వెనక కారు హారను కొట్టింది.