నీటి మీద డిక్రీ

ములుకుట్ల సోమయాజులు గారి చరిత్ర రాయమంటున్నారు.
నేనేం రాస్తాను?
ముప్పై ఒక్కేళ్లు ఆయన వెనక కట్టలు మోసిన గుమాస్తాని.
ఎర్ర గుడ్డలో ఏ ముడి ఎటు లాగితే
ఏ కాగితం బయటికొస్తుందో
అంతవరకే నా చదువు.

నరసాపురం మునసబు కోర్టులో మొదటి రోజు
తలపాగా అరువుది, కాళ్లకి జోళ్లు లేవు.
కొబ్బరితాళ్లు పేనేవాడి ప్రోనోటు దావా గెలిచారు.
ఫీజు రెండు మోకులు, ఒక పనసకాయ.
పనసకాయ నేనే మోశాను.

ఆ తరవాత గోదావరే మాకు పెద్ద క్లయింటు.
వరదొచ్చినప్పుడల్లా ఎక్కడో ఓ లంక మునిగేది,
ఇంకెక్కడో ఓ లంక తేలేది.
తేలిన ప్రతి లంకకీ ఇద్దరు హక్కుదార్లు తేలేవారు.
"ఒండ్రు ఏ గట్టుని ఆనుకుంటే నేల ఆ గట్టువాడిది."
ఈ ఒక్క ముక్క మీద మేడ కట్టారాయన,
మేడలో గంటలు కొట్టే గడియారం పెట్టారు.

మంతెన కుమారరాజు గారి లంక నూట పద్నాలుగు ఎకరాలు.
ప్రతివాది నల్లి వరాలు.
పన్నెండేళ్లు ఆ ఇసకలో దోసా పుచ్చా వేసిన మనిషి.
"పట్టా ఏదీ?" అన్నారు పంతులు గారు.
బోనులోంచి అరచేతులు చాపింది.
"చేతులు దస్తావేజులు కావమ్మా."
కోర్టంతా నవ్వింది.
నేనూ నవ్వాను. అదీ రాయాలి కదా.

అవతలి గట్టు కామందు డబ్బు పెట్టి
ఆవిడ వేలిముద్రతో అప్పీలు నడిపాడు.
రాజమండ్రిలో గెలిచాం.
కాకినాడలో స్టీమరెక్కి, మూడు రోజులు వాంతులు చేసుకుని
మద్రాసులోనూ గెలిచాం.
మొత్తం తొమ్మిదేళ్లు.

స్వాధీనం ఇప్పించడానికి పడవలో వెళ్లాం,
అమీను ఖాదర్ సాహెబు, డప్పు కొట్టేవాడు, నేనూ.
హద్దులు చదవమన్నాడు అమీను.
తూర్పు గోదావరి. పడమర గోదావరి.
ఉత్తరం, దక్షిణం కూడా అదే.
నడుమ చూస్తే, నడుమా గోదావరే.
పడవవాడు గెడ దించాడు, అడుగు తగల్లేదు.
అయినా డప్పు మోగింది.
"స్వాధీనపరచడమైనది" అని రాసి
అమీను సిరా ఆరేదాకా ఊదాడు.
రాజుగారు ఫీజు పూర్తిగా ఇచ్చారు.

ఆ యేడే తాలూకా బోర్డుకి నిలబడ్డారు.
ఓట్లు డెబ్బై రెండు.
అందరూ మా క్లయింట్లో, మా క్లయింట్ల ప్రతివాదులో.
గెలిచారు. మురుగుకోడు తవ్వించారు,
లాకుల దగ్గర రాత్రిళ్లు దీపం పెట్టించారు.
ఆరో యేట, ఎవరూ అడక్కుండానే,
వరాలు పేటకి రేవు కట్టాలని తీర్మానం రాయించారు.
నా దస్తూరీయే.

"ఆ పేటలో ఓటుందా?" అన్నాడు ప్రెసిడెంటు.
"లేదు."
"పన్ను?"
"లేదు."
"మరేముందండీ?"
పంతులు గారు తన చేతులు బల్ల మీద పెట్టి
సిరా మరకల వంక చాలాసేపు చూశారు.
తీర్మానం వాయిదా పడింది.
పదకొండుసార్లు పడింది.
పన్నెండో మీటింగుకి ఆయన లేరు.

మొన్న వరద తీశాక
అక్కడే మళ్లీ ఓ లంక తేలింది.
వరాలు మనవడు దోసపాదులు పెట్టాడట.
రాజుగారి కొడుకు మనిషి వచ్చి
పాత డిక్రీ ఉందా అనడిగాడు.
చెదలు తినేశాయన్నాను.

ఎర్ర గుడ్డ నా మంచం కిందే ఉంది.
ఏ ముడి ఎటు లాగాలో
ఇంకెవరికీ తెలీదు.