యజమాన్

సిరోంచ పశువుల దవాఖానలో
కరెంటు పోయిన మధ్యాహ్నం.
సూక్ష్మదర్శినిని కిటికీ దాకా జరిపి
దాని అద్దాన్ని వెలుగుకు తిప్పాను.

కుర్సం పెంటయ్య తెచ్చిన అలుగు,
రాత్రి తీగ ఉచ్చులో దొరికింది.
పొలుసుల సందుల్లోంచి పట్టకారుతో లాగినవి
పదమూడు.
"గోమార్లే గద మేడం, గింతసేపు చూసుడేంది?"

గోమారి అంటే సరిపోదన్నా.
బర్రె చెవి వెనక చింతగింజలా ఉబ్బేది వేరు,
కుందేలు రెప్ప మీద గసగసాలంతది వేరు.
ఏదుపంది ముళ్ళ మొదళ్ళలో ఇంకోటి,
దాన్ని నేనింకా చూడలేదు.

బోర్లా తిప్పి చూస్తాను,
మలద్వారం చుట్టూ గాడి
ముందునుంచి వంగిందా, వెనకనుంచా.
వీపు పెంకు సగమే కప్పితే ఆడది,
తాగి ఉబ్బడానికి చోటుంచుకుంది.
వెనకంచున కజ్జికాయ మడత.
ఆరే కాళ్ళుంటే పసిది,
కడుపారా ఒకసారి తాగాకే
మిగతా రెండూ మొలిచేది.

పదమూడూ ఒకటే జాతి.
పెంకుల మీద రాగి మరకలు.

గడ్చిరోలి నుంచి వచ్చిన ఫారం మరాఠీలో ఉంది.
గోచీడ్. తారీఖు. ఊరు.
నాలుగో గడి: యజమాన్.
పెంటయ్య కూడబలుక్కుని చదివాడు.
"అలుగుకు యజమాని ఎవరు మేడం?
సర్కారా? ఉచ్చు పెట్టినోడా?"

కాదన్నా, ఇక్కడ యజమాన్ అంటే
వచ్చినవాడికి వడ్డించేవాడు.
మన పుస్తకాల్లో ఆతిథేయి.
ప్రాణహిత దాటితే అదే మాట
సొంతదారైపోతుంది.

"పిలువని సుట్టానికి నెత్తురు కూడు" అన్నాడు,
మెడ గోక్కుంటూ.

ఆగన్నా. చెయ్యి తియ్.
కాలరు కింద నల్లటి చుక్క.
పట్టకారు కొనను చర్మానికి ఆనించి
మెలితిప్పకుండా, తొందరపడకుండా, తిన్నగా.
పద్నాలుగోది.
కాళ్ళకు గాజుల్లా తెల్ల పట్టీలు. జాతి వేరు.
అలుగును భుజానేసుకొచ్చిన దారిలో
ఏ గడ్డిపోచ కొస మీద కాచుకుందో.

కొత్త సీసా, పెన్సిలుతో చీటీ
(సిరా స్పిరిటులో కరిగిపోతుంది).
నాలుగో గడిలో రాశాను:
కుర్సం పెంటయ్య.

వంగి చాలాసేపు చూశాడు.
"ఆరేండ్లాయె పోడుకు పట్టా అడిగి.
పోనీ, దీనికన్న అయితిని."

వెనక గదిలో, రేకు డ్రమ్ములో
అలుగు చుట్ట విప్పినట్టుంది.
గోళ్ళు గీస్తున్న చప్పుడు.
పొద్దు గుంకాక వదిలి రావాలి.
పెంటయ్యకు చోటు తెలుసు.
పొలుసుల బేరగాళ్ళూ ఫారాలు చదువుతారు కాబట్టి
ఊరు అన్న గడిని
ఖాళీగానే ఉంచాను.