నలభై అడుగుల నవ్వు

ఆర్డరు పొద్దుగాల్లనే వచ్చింది.
సిగరెట్టు బొమ్మ యాడున్నా సరే
నెలాఖరు లోపల దించాలె.
మాకు కారణాలు చెప్పరు, కొలతలు చెప్తరు:
నలభై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల ఎత్తు,
షార్జా దాటినంక సజ్జా రోడ్డు మీద మూడో కంబం.

నిరుడు దాన్ని ఎక్కించింది గూడ నేనే.
సముద్రం ఒడ్డున తెల్లంగి తొడుక్కున్నోడు,
వేళ్ల సందున సన్నటి మంట,
చెమట అంటే ఏందో ఎరుగని మెడ.
వాని కింది పెదవి ఒక్కటే నా అంత పొడుగు.
నడుముకు తాడు కట్టుకొని
పన్ను పన్నుకు ఒక కొక్కెం విప్పిన.
గాలి వచ్చినప్పుడల్లా వాడు
నవ్వు ఆపుకోలేనట్టు ఊగిండు.

ఇసుకల పరిచి చుడుతుంటే
"పారేయండి" అన్నడు కురియాకోస్ సారు.
నలభై ఆరు డిగ్రీల ఎండల
అంత మందం గుడ్డ ఎవడు పారేస్తడు?
క్యాంపు డాబా మీద, బట్టలారేసే తీగెలకు కట్టినం.
ఇప్పుడు సిగరెట్టోడు మాకు పందిరి.

రాత్రి ఆ పందిరి కిందనే పంచాయితి.
పోశెట్టి అగ్గిపుల్ల గీసి అన్నడు:
"విషమైతే దుకాణం మూయాలె గద!
దుకాణం తెరిచిపెట్టి అద్దానికి పరదా కడితే
విషం సిగ్గుపడతదా?"
గుల్ జమాన్ తల అడ్డంగ ఊపిండు.
వాని కొడుకు అలీఫ్ రాకముందే
డబ్బా రంగు చూసి పేరు చెప్పేటోడట.
"నేను బడికి పంపకముందే
గోడ వాన్ని బడిల ఏసుకున్నది."
మరి నీకెవడు నేర్పిండని నా దిక్కు తిరిగిన్రు.

నాకు బొమ్మ నేర్పలే.
మా ఇంట్ల గోడకు తెల్లంగోడు లేడు.
ఒక చాట, ఒక కత్తెర, తడిగుడ్డల తునికాకు,
లసుమవ్వ ఒళ్లె జర్దా.
దినాం వెయ్యి బీడీలు.
కట్ట మీద షావుకారి మొఖం,
ఆయన జన్మల బీడి ముట్టలేదంటరు.
మొన్న ఫోన్ల చెప్పింది,
ఇప్పుడు కట్ట మీద కుళ్లిన గొంతు బొమ్మ ఏస్తున్నరట.
"దాన్ని చూసుకుంటనే బువ్వ తింటున్న" అన్నది.
నవ్విందో, దగ్గిందో,
లైను సరిగ లేక తెలువలే.

నేను ఏ దిక్కు మాట్లాడాలె?
బొమ్మ ఎక్కిస్తే నాకు కూలి, దించితే కూలి.
ఆకు చుడితే ఆమెకు కూలి.
ఆ పైసలతోనే బిడ్డ నర్సింగు చదువుతున్నది.
ఈ నెల పాఠం ఊపిరితిత్తులట.

బుచ్చిలింగాన్ని దవాఖానకు తోలుకపోయిన రోజు
కాయితం మీద ఒక ప్రశ్న: సిగరెట్టు తాగుతడా?
అవును అన్న గడిల టిక్కు పెట్టిన.
పదకొండేండ్లు జిప్సం కోసిండు వాడు.
నిద్రల కూడ కనురెప్పలు తెల్లగనే ఉండేటివి.
దానికి గడి లేదు.
కాయితం తిప్పి చూసిన,
వెనుక ఆసుపత్రి ఫోను నంబరు ఉన్నది.

పోశెట్టిది అబద్ధం కాదు.
అయినా ఆ రాత్రి నిద్ర పట్టక చూస్తే
ధర్మపురి దిక్కు నుంచి కొత్తగ వచ్చిన పిలగాడు,
పందొమ్మిదేండ్లు కూడ నిండలే,
వెల్లకిల పండుకొని పైకే చూస్తున్నడు.
ఇంటికి ఫోన్ చేసి ఏడ్సిన కండ్లు,
వాటి మీద నలభై అడుగుల నవ్వు.
లేచి ముడులు విప్పిన.
బొమ్మను పైకి తిప్పి, తెల్లదిక్కు కిందికి కట్టిన.
"నీకేమన్న పిచ్చి లేసిందా" అని
పోశెట్టే తాడు పట్టుకున్నడు,
నోట్ల సిగరెట్టు తియ్యకుండనే.

తెల్లారి ఎండ ఎక్కినంక చూస్తే
గుడ్డల నుంచి ఆ నవ్వు మళ్ల కనపడుతున్నది,
ఎడమది కుడికి మారి, పల్చగ.
దాని కింద పిలగాడు
నల్లా కాడ వంతు కోసం నిలబడ్డడు,
పండ్లు తోముకునే బ్రష్షును
రెండేళ్ల సందున పట్టుకొని.