ఒలుపు

ఆరు రోజులు ఆయన ఎవరికీ చెప్పలేదు.
ఏడో రోజు గోడ వైపు తిరిగి "అక్కడ" అన్నాడు.
అక్కడంటే ఎక్కడో
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
మా అందరికంటే ముందు ముక్కులకి తెలిసింది.

పేరు తవుడు. యాభై నాలుగేళ్లు. పలాస పక్క ఊరు.
ముందు పుట్టిన ఇద్దరూ పోతే
మూడోవాణ్ణి చేటెడు తవుడుకి అమ్మి కొనుక్కున్నారట,
చావుకి ఆశ పుట్టకుండా.
షుగరు నాలుగొందల ముప్పై.
చిన్న సెగ్గడ్డే కదా అని పసుపు నూరి పెట్టి
పంచె బిగించి పనిలోకి పోయాడు.

డాక్టరు గారు దాలమ్మని పిలిచి చెప్పారు:
చర్మం కింద కుళ్లు పాకుతోంది, పైకి కనబడేది కొంచెమే,
ఈ రాత్రే కోసి తియ్యాలి,
రేపు విప్పి చూసి మళ్లీ కొయ్యాలి.
ఆమె తన వేళ్లు చూసుకుంది.
ఇరవయ్యేళ్లుగా పిక్కల జీడి అంటి
గోళ్ల కింది దాకా నల్లబడ్డ వేళ్లు.
"నల్లదంతా ఒలిచెయ్యాల బాబూ.
ఏటీ మిగల్చకూడదు.
నోపల పప్పు బాగుంటే సాలు."
వేలిముద్ర వేసింది,
సిరా అక్కర్లేదేమో అనిపించింది నాకు.

మూడుసార్లు కోశారు.
రక్తం వచ్చే దాకా కొయ్యడమే ఇందులో లెక్క.
కారిందంటే ఆ కండ బతికున్నట్టు.

తర్వాత నా వంతు, రెండు పూటలా.
మొదటి రోజు రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.
"ఆడకూతురివి. మా సిన్నదానంత ఉంతావు.
నీకెందుకమ్మా ఈ పని."
జవాబు చెబుదామంటే నాకూ మాట లేదు.
ఆ చోటికి మనకున్నవి రెండే రకాలు:
తిట్టేవి, సంస్కృతంలో దాక్కునేవి.
నొప్పితో ఉన్న మనిషితో అనదగ్గది ఒక్కటీ లేదు.
అందుకని,
ఇప్పుడు సల్లగా తగుల్తాది బాబాయి,
ఇప్పుడు మంట,
అయిపోనాది, అయిపోనాది, అంటూ
సెలైను పోశాను.

పదకొండో రోజు పుండు అడుగున
ఎర్ర కందిపప్పు పరిచినట్టు కొత్త కండ.
ఆయన కళ్లు మూసుకున్నాడు.
దాలమ్మ వంగి చూసి, కొంగుతో నా నుదురు తుడిచింది.

వచ్చే వారం తొడ మీది చర్మం తీసి వేస్తారు.

నిన్న పక్క మంచం మీదికి ఒక కుర్రాడు, ఆటో నడుపుతాడట.
"ఏటి లేదు సిస్టరూ, చిన్న కురుపు, అక్కడ."
తవుడు దుప్పట్లోంచి లేచి కూచున్నాడు.
"అక్కడేటి? పేరు లేదేటి దానికి?"
అని, ఆ మాట అన్నాడు.
వార్డంతా విన్నారు.
ఎవరూ నవ్వలేదు.
నేను ట్రేలో గాజుగుడ్డలు లెక్కపెడుతున్నాను,
తప్పిపోయి, మళ్లీ మొదట్నుంచి.