వేరే వేలు

సైరన్ ఆగిపోయినాక
మా ఊరికి తెల్లారిందని ఎవురు చెప్పేవాళ్ళో తెలీదు.
కొన్నాళ్ళు కోళ్ళు గూడా
ఒకదాని మొగం ఒకటి చూసుకున్నట్టుండె.

నేను చక్కెర ఫ్యాక్టరీలో పాన్ మీద పన్జేసినోణ్ణి.
ఇరవై ఆరు సీజన్లు.
మూడో అంతస్తులో, ఆవిరి మధ్య,
గాజుపలక మీద చుక్క పాకం వేసి
బొటనవేలితో రుద్దితే
గింజ కట్టిందో లేదో వేలే చెప్పేది.
మీటర్లు తర్వాతెప్పుడో వచ్చినాయి.
కెమిస్టు అంకె రాసుకొని
మళ్ళీ నా వేలి తట్టే చూసేవాడు.

మూసేసినామని ఎవురూ చెప్పలేదు.
"ఈ సీజన్ క్రషింగ్ లేదు" అన్నారు, అంతే.
ఎన్నేళ్ళయినా
ఆ సీజన్ ఇంకా అయిపోలేదు.

ఏకాంబరం తూకం చీటీలు
బియ్యం డబ్బాలో దాచిపెట్టినాడు.
రావాల్సిన దుడ్డు ఎంతో అడిగితే
డబ్బా మూత మీద తడతాడు.
చెరుకు కయ్యల్లో తోతాపురి అంట్లు నాటినాడు.
చెరుకు ఏడాదికి ఒక మాటన్నా చెప్పేది,
మామిడి నాలుగేళ్ళు నోరే తెరవలేదు.
ఆ నాలుగేళ్ళూ
జెర్సీ ఆవులే సాకినాయి ఊరిని.
ఇప్పుడు తెల్లారిందని చెప్పేది పాల వ్యాన్ హారన్.

వేబ్రిడ్జి కాడ దోసెలు పోసే కన్నెమ్మ
పెనం నెత్తిన పెట్టుకొని బైపాస్ రోడ్డుకు పోయింది.
చెరుకు బండోళ్ళు అప్పు పెట్టేవాళ్ళంట,
లారీవోళ్ళు ఫోన్‌తో టింగుమని కొట్టి పోతారంట.
"అప్పూ లేదు, మాటా లేదు" అంటాది.
ఏది లేకపోతే బాధో చెప్పదు.

ఫిట్టర్ చెంగల్రాయులు
తిరుపతి లాడ్జీల్లో లిఫ్టులు రిపేరు చేస్తా ఉన్నాడు.
గుండు కొట్టించుకున్న జనాన్ని
పైకీ కిందికీ పంపిస్తా ఉంటాడు.
పండక్కొస్తే, లిఫ్టు ఇరుక్కుంటే తిట్టేదానికి
ఎన్ని భాషలుండాయో చెప్పి నవ్విస్తాడు.
మిల్లు మాట ఎత్తితే మటుకు
చెప్పులేసుకుంటాడు.

పాన్‌ని గ్యాస్ కట్టరుతో కోసినారు, వేలంలో కొన్నోళ్ళు.
లోపల గోడకు పట్టిన చక్కెర కాలి
మూడు దినాలు ఊరంతా వాసన.
పిల్లోళ్ళు
ఎవురింట్లో పాయసం అని వీధంతా తిరిగినారు.
నేను కిటికీ వేసుకున్నా.
చెప్పుకుంటే సిగ్గుగానీ,
నోట్లో నీళ్ళూరినాయి.

ఎండాకాలం రెండు నెల్లు పల్ప్ ఫ్యాక్టరీలో నాకూ పని.
ఒక తూరి గుజ్జు వేళ్ళ మధ్య నలిపి, నాలిక మీద పెట్టి
తీపి పదహారన్నా.
పిల్లోడి మిషన్ పధ్నాలుగున్నర చూపించింది.
వాడు ఏమీ అనలేదు.
అననందుకే ఆ రాత్రి నిద్ర రాలేదు.

కూతురు మొగిలీశ్వరి నాలుక్కే లేస్తాది.
కంపెనీ బస్సు, రెండు గంటల దారి, రేణిగుంట తట్టు.
బియ్యం గింజంత కెమెరాని
అద్దంలో చూస్తా ఫోన్లో అతికిస్తాదంట.
గింజ అనంగానే నేను చెవి పెట్టినా.
ఎట్ల తెలుస్తాది సరిగ్గా కూర్చుందని?
"పచ్చలైటు వెలుగుతాది నాయనా."
వేలికి తెలీదా?
"వేలికి తొడుగుంటాది."
మూడు నెల్లకొకసారి కాంట్రాక్టు రాస్తారంట.
"అది గూడా సీజనే, ఏముందిలే" అని
జడ బిగించుకొని బిన్నా పోతాది.

ఒకటో తేదీ, పింఛను.
మిషన్ మీద బొటనవేలు పెడతా.
ఎర్రలైటు.
తుడిచి పెడతా. ఎర్రలైటు.
గాజు మీద గాజు రుద్దినట్టు
గీతలన్నీ ఆ పాకంలోనే పోయినాయి.
"వేరే వేలు పెట్టు పెద్దాయనా"
అంటాడు సచివాలయం పిల్లోడు.

వెనక లైన్లో ఏకాంబరం దగ్గుతా ఉన్నాడు.
నేను చెయ్యి తిప్పి చూసుకుంటా ఉండా,
ఎప్పుడూ ఏ పనీ చెప్పని వేలు
ఏదన్నా మిగిలిందా అని.