పదో కాయ

బంగారుపాళెం దాటినాక బైపాసు పక్కన మా గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెలంతా గాలికి కూడా తోతాపురి వాసనే.
గేటు బయట అర కిలోమీటరు ట్రాక్టర్లు,
చక్రాల నీడల్లో తువ్వాళ్ళు పరుచుకున్న నిద్రలు.

నాది చివరి షెడ్డులో రేకుల కింద బల్ల,
ఒక కత్తి, ఒక బక్కెట్టు, ఒక క్యాలిక్యులేటరు.
వచ్చిన ప్రతి బండినీ ముందు నమ్మాల.
నమ్మినాకనే అనుమానించాల.

చిత్తూరు కాలేజీలో జ్ఞానశేఖరం సారు
సుద్దముక్క విరిగేలా బోర్డు మీద గీత కొట్టి చెప్పినాడు:
"శూన్య పరికల్పన అంటే బోనులో నిలబడిన మనిషి, ధనకోటీ.
తప్పు రుజువయ్యేదాకా ఆయన మన చుట్టమే."
ఆ పూట నాకు ఆకలి, సరిగ్గా వినలేదు.
ఇప్పుడు రోజుకు ముప్పై సార్లు వింటున్నాను.

ఇవాళ బోనులో తవణంపల్లె చెంగల్రాయుడి బండి.
నూటికి ఆరు కుళ్ళు మామూలేనని కంపెనీ ఒప్పందం.
అంతకు మించిందని నేను చూపించగలిగితే
బండి వెనక్కి తిరగాల.

పైకాయలు తీస్తే ఆయనకు లాభం,
అడుగుకాయలు తీస్తే కంపెనీకి.
అందుకే చీటీలు తీస్తాను:
ఎడమ మూల, మూడో వరస, మోకాటి లోతు.
చెయ్యి పెట్టిన చోటల్లా సొన.
పది వేల కాయల మాట
బల్ల మీదికొచ్చిన ఈ నూరు చెప్పాల.

తొమ్మిది కుళ్ళు. అనుమానం లేదు, వేలు దిగిపోతోంది.
తొమ్మిదైతే లెక్క ఒకటీ పాయింటు రెండు ఆరు.
మంచి బండికి కూడా ఇంత చెడ్డ రోజు రావచ్చు, పోనీలే అనొచ్చు.
పదైతే ఒకటీ పాయింటు ఆరు ఎనిమిది.
గీత ఒకటీ పాయింటు ఆరు నాలుగు ఐదు దగ్గరుంది.
గీతకు ఒక్క కాయ దూరంలో చెంగల్రాయుడు.

పదో కాయ మీద నల్లమచ్చ.
సొన కాల్చిందా, కుళ్ళు మొదలైందా?
కోసినాను. ముప్పాతిక బంగారం.
టెంక పక్కన మాత్రం గోధుమరంగు చార,
పాత ఉత్తరంలో మడత లాగా.

"కొట్టెయ్, పది" అన్నాడు సూపర్‌వైజరు తులసీరామ్.
చెంగల్రాయుడు ఏమీ అనలేదు.
తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

సీజను మొదటి రోజే కాగితం మీద రాసి గోడకు అంటించినాం:
బొటనవేలి వెడల్పు దాటితేనే కుళ్ళు.
కాయను చూసినాక గీత జరిపితే
సారు నన్ను ఫెయిలు చేసుండేవాడు.
వేలు ఆనించినాను. చార వేలికి లోపలే.
"ఎవరి వేలు? నీదా, నాదా?"
ఆ సంగతి కాగితంలో లేదు.
ఇద్దరివీ పెట్టినాం. ఆయనది లావు, చార ఇంకా లోపలే.

తొమ్మిది అని రాసినాను.

"అంటే నా కాయ మంచిదనే గదమ్మే?"
"కాదు పెద్దాయనా. చెడ్డదని చెప్పలేకపోయినాం, అంతే."
కాసేపు ఆలోచించి పగలబడి నవ్వినాడు.
"మా ఇంటామె నలభై ఏండ్లుగా నన్ను గురించి
ఊరందరికీ ఇదే మాట చెప్తా వుండాది!"

బండి లోపలికి పోయింది.
నేను కోయని తొమ్మిది వేల తొమ్మిది వందలు
నా సంతకం మీద దొర్లుకుంటా పోయినాయి.
వాటి సంగతి నాకు తెలియదు.

రాత్రి బస్సులో పిడికిలి మూస్తే ఇంకా జిగురు.
అన్నీ మంచి బండ్లే వచ్చినా
ఇరవైలో ఒకదాన్ని నా లెక్క పొరపాటున తరిమేస్తుంది.
ముందే ఒప్పుకున్న తప్పు అది,
పుస్తకంలో చిన్న గ్రీకు అక్షరం.
ఈ సీజనుకు నూటనలభై బండ్లు.
ఇరవైకొకటి చొప్పున ఏడు.
నేను వెనక్కి పంపింది పదకొండు.
గేటు దగ్గర రివర్సు తీసుకున్న పదకొండు ఇంజన్ల చప్పుడు
ఒక్కోటీ వేరుగా గుర్తుంది.
అందులో ఎందరికి బాకీ పడ్డానో ఏ టేబులూ చెప్పదు.

కండక్టరు చిల్లర లెక్కపెట్టకుండా చేతిలో పోసినాడు.
నేనూ లెక్కపెట్టకుండానే సంచిలో వేసుకున్నాను.