సగం రంగేసిన నెఫ్రాన్

నల్లగొండ పెద్ద దవాఖానల
చీటీ మీద అంకె: నాలుగు వందల డెబ్బై రెండు.
మా లెక్కల సారైతే
"ఎనిమిదితోని శేషం లేకుంట పోతది" అంటడు.
డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎన్ని దినాలు వాడాలె మేడం?" నాయిన అడిగిండు.
ఆమె నా దిక్కు తిరిగింది.
"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"
పదో తరగతి.
ప్రీ-ఫైనల్‌కు పదకొండు రోజులు.
రికార్డుల నెఫ్రాన్ బొమ్మకు సగమే రంగేసిన.
"అయితే నీకే చెప్త, ఇను."
గట్ల నా రోగాన్ని నాకే అప్పజెప్పింది
ఇంటిపని ఇచ్చినట్టు.
ఒప్పజెప్పే తారీకు మాత్రం రాయలె.

అంతకు ముందు నెలంతా దప్పి.
మూడో పీరియడ్ కాకముందే సీసా ఖాళీ.
"బయటికి పోత సార్" అంటే
"మళ్లనా?" అనేటోడు, క్లాసంతా నవ్వేది.
యూనిఫాం జారకుంట అమ్మ రెండు పిన్నీసులు పెట్టింది.
పరీక్షల బుగులు, అన్నరు కొందరు.
నీళ్లు, అన్నరు కొందరు.
మా దిక్కు ఏ నొప్పి లేసినా
నేరం ముందుగాల బోరింగు మీదికే పోతది.
ఈసారి పాపం దాని తప్పేం లేదు.

గుర్రంపోడుల బస్సు దిగినంక
నాయిన చెరుకు రసం బండి దిక్కు నడిసి
నడిమిట్ల ఆగి, మర్లొచ్చిండు.
చిల్లర పట్టుకున్న చెయ్యి జేబులనే ఉండిపోయింది.
బత్తాయి తోటకు కావలుండే మనిషి.
తొక్క ముట్టి చెప్తడు ఏ కాయ తియ్యగైందో.
పక్కన కూసోని బువ్వ తినే బిడ్డ నెత్తురు
ఎన్నడు తియ్యగైందో తెలువకపాయె.
ఆ రాత్రి నులకమంచం కిర్రుకిర్రుమంటనే ఉన్నది.

ఇంట్ల ఫ్రిజ్ లేదు.
అమ్మ పెద్ద కుండల ఇసుక పోసి
చిన్న కుండ దించి, ఇసుక తడిపి
అండ్ల సూదిమందు డబ్బీ పెట్టింది.
తమ్ముడు లింగస్వామి గంటకోసారి మూత తీసి
"పండుకున్నదక్కా, లేపకు" అంటడు.

బడిల ఆటసామాన్ల అర్ర.
గాలి పోయిన వాలీబాల్, చినిగిన ఆసియా ఖండం.
వాకిట్ల నసీమ అడ్డం నిలవడ్తది.
పొట్టల సూది గుచ్చి పది లెక్కవెట్టాలె.
అంకెలెందుకని నసీమ మూలకాలు అప్పజెప్పిస్తది:
హైడ్రోజన్, హీలియం, లిథియం...
నియాన్ కాడ సూది గుంజుతా.
ఫ్లోరిన్ కాడ ఇద్దరం నవ్వుతం.
ఒక దినం నవ్వు రాలె.
సూది గోడకేసి కొట్టిన.
నసీమ ఏమనలె. బ్యాగుల నుంచి ఇంకోటి తీసిచ్చింది.

లెక్కల పరీక్ష నాడు
ఐదో ప్రశ్న కాడ చేతులు వణకవట్టె,
ఎక్స్ ఏదో వై ఏదో
వానల తడిసిన చీమల లెక్క కదులుతున్నయ్.
నడుము కాడి పొట్లం తీసిన.
కొత్త సారు ఉరికొచ్చి చెయ్యి పట్టిండు.
"చిట్టీనా?"
నోరు తిరగదు నాకు.
ఆయన పొట్లం ఇప్పిండు.
చక్కెర.
ఇంకా ఇప్పిండు.
అమ్మకు సదువు రాదు,
నా పాత నోటుబుక్కు చింపి కట్టింది.
కాయితం మీద నా రాతనే: థేల్స్ సిద్ధాంతం, బొమ్మతో సహా.

సారు చక్కెర దిక్కు సూసిండు,
సిద్ధాంతం దిక్కు సూసిండు,
నా చెమటల దిక్కు సూసిండు.
చక్కెర నా అరచేతుల పోసి
కాయితం తన జేబుల పెట్టుకున్నడు.
ఆ ప్రశ్న రానే రాలె, అది వేరే సంగతి.
నిమిషాలు పోయినయ్, అరవై ఒకటి వచ్చినయ్.

రాత్రి రికార్డు ముందలేసుకున్న.
పుస్తకంల ఉన్నది:
వడపోసిన చక్కెరంతా గీ వంపుల కాడ్నే
మళ్ల నెత్తురుకు పోతదట.
అంతా పోతదట.
పెన్సిల్ పట్టుకోని మస్తు సేపు కూసున్న,
బాణం గుర్తు ఎటు పెట్టాల్నో తెలువక.
నాలుగు మార్కుల బొమ్మ గదా,
పుస్తకంల ఉన్నట్టే గీసిన.
ఒక పక్కకు, ఎవ్వరికి కనవడకుంట,
ఇంకో సన్న బాణం పెట్టిన, బయటికి.